తోబుట్టువులకు చోటు లేని ఫైలు

భూటాన్ వెళ్లగొట్టిన నేపాలీలు అమెరికాలో 'భాయి టీకా' జరుపుకుంటున్నారు. అక్కాచెల్లెళ్లూ అన్నదమ్ములే కుటుంబమనే పండుగ ఒకవైపు, వారిని లెక్కలోకి తీసుకోని చట్టాలు మరోవైపు. నడుమ మూడు దశాబ్దాలుగా ఒక జాతి నలుగుతోంది

ఏటా దీపావళికి ముందు నేపాల్ ప్రభుత్వ పంచాంగ నిర్ణాయక సమితి ఒక ముహూర్తం ప్రకటిస్తుంది. కార్తీక శుద్ధ విదియ నాడు అక్కాచెల్లెళ్లు అన్నదమ్ముల నుదుట బొట్టు పెట్టాల్సిన ఘడియ అది. ముహూర్తం ఉదయం పదకొండున్నరకు కుదిరిందనుకుంటే, అదే క్షణాన అమెరికాలోని పెన్సిల్వేనియాలో రాత్రి పావు తక్కువ రెండవుతుంది. నార్వేలో ఉదయం పావు తక్కువ ఎనిమిది. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో సాయంత్రం నాలుగుంపావు. భూటాన్ నుంచి వచ్చిన నేపాలీ కుటుంబాలకు ఈ లెక్కలన్నీ నోటికే వచ్చు. ఒకే కడుపున పుట్టినవారు ఖండానికొకరుగా ఉండడం వారిలో మామూలే మరి.

2025లో భాయి టీకా అక్టోబరు 23న, గురువారం వచ్చింది. పెన్సిల్వేనియా రాష్ట్రం 2024లో చట్టం చేసి దీపావళిని అధికారిక పర్వదినంగా గుర్తించింది. కానీ దాని వల్ల ఆఫీసులు మూతపడవు. రెండు రోజుల తర్వాత వచ్చే ఈ పండుగ ఊసు ఆ చట్టంలో లేనే లేదు. గిడ్డంగుల్లో, మాంసం శుద్ధి కర్మాగారాల్లో షిఫ్టులు చేసేవారికి గురువారం గురువారమే. అందుకే చాలా ఇళ్లలో టీకా తెల్లవారుజామునో, రాత్రి డ్యూటీ దిగి వచ్చాకో జరుగుతుంది. అదీ కుదరనివారు శనివారం దాకా ఆగుతారు. ముహూర్తాన్ని షిఫ్టే నిర్ణయిస్తుంది.

యముడికి గడువు

తెలుగువారికి ఈ తిథి కొత్తది కాదు. మన పంచాంగాల్లో 'భగినీ హస్త భోజనం' అని అచ్చయ్యేది ఈ రోజే. యమధర్మరాజు చెల్లెలు యమున ఇంటికి వెళ్లి ఆమె చేతి వంట తిన్నాడనీ, ఈ రోజున సోదరి చేతి భోజనం చేసినవారికి అపమృత్యు భయం ఉండదనీ కథ. తెలుగునాట ఆ ఆచారం చాలా ఇళ్లలో పంచాంగానికే పరిమితమైపోయింది. రాఖీకి ఉన్న సందడి దానికి లేదు. నేపాలీలకు మాత్రం అయిదు రోజుల తిహార్ పండుగకు ఇదే శిఖరం. కాకికి, కుక్కకు, ఆవుకు పూజలు, లక్ష్మీపూజ, గోవర్ధన పూజ అయ్యాక చివరి రోజు తోబుట్టువులది.

నేపాలీ కథలో యముడు అతిథి కాడు, ప్రాణం తీయడానికి వచ్చినవాడే. తమ్ముడిని పట్టుకుపోవడానికి వచ్చిన యముడిని అక్క గడువు అడుగుతుంది. ఈ నుదుటి బొట్టు చెరిగేదాకా, చుట్టూ పోసిన నూనె ఆరేదాకా, మెడలోని మఖమలి పూలు వాడేదాకా ఆగమంటుంది. మఖమలి పూలు కోసి ఎండబెట్టినా రంగు పోవు. యముడు ఉత్త చేతులతో తిరిగి వెళతాడు.

పండుగ తంతంతా ఆ గడువు చుట్టూ అల్లిందే. అన్నదమ్ములు వరసగా కూర్చుంటారు. గరికతో నూనె, నీళ్లు చిలకరిస్తూ అక్కాచెల్లెళ్లు వారి చుట్టూ ప్రదక్షిణ చేసి మృత్యువు దాటలేని గిరి గీస్తారు. గడప దగ్గర వాల్‌నట్‌ను ఒక్క దెబ్బకు పగలగొడతారు. కీడు అక్కడితో విరిగినట్టు. నుదుట ఏడు రంగుల బొట్టు పెట్టి, మఖమలి, బంతిపూల దండలు వేసి, సేల్ రోటీలతో, మిఠాయిలతో పళ్లెం అందిస్తారు. తర్వాత అన్నదమ్ములూ బొట్టు పెట్టి, కానుక ఇచ్చి అక్కాచెల్లెళ్ల కాళ్లకు మొక్కుతారు.

ఇందులో ఏ ఒక్కటీ దూరం నుంచి జరిగేది కాదు. రాఖీ అయితే కవర్లో పెట్టి పోస్టు చేయొచ్చు. గిరి గీయాలంటే నడుమ మనిషి ఉండాలి. మనుషుల్ని ఒకచోట ఉండనివ్వని చరిత్ర వీరిది.

రసీదు చూపించినవాడే పౌరుడు

దక్షిణ భూటాన్‌లో తరతరాలుగా వ్యవసాయం చేసుకున్న నేపాలీ భాషీయులను ఆ దేశంలో 'ల్హోత్షంపా'లంటారు. దక్షిణాదివారని అర్థం. 1958 పౌరసత్వ చట్టం వారిని భూటాన్ పౌరులుగా గుర్తించింది. 1985లో వచ్చిన కొత్త చట్టం ఆ హామీని తిరగదోడింది. 1958 డిసెంబరు 31 నాటికే తాము దేశంలో ఉన్నామని రుజువు చూపాలంది. 1988 జనగణనలో అధికారులు అడిగింది సరిగ్గా ఆ ఏటి పన్ను రసీదు. అసలైన భూటానీయులు మొదలు విదేశీయుల దాకా జనాన్ని ఏడు వర్గాలుగా విడగొట్టారు. ఒకే ఇంట్లోని వారు వేర్వేరు వర్గాల్లో పడిన సందర్భాలున్నాయి.

ఆ వెంటనే 'ఒకే దేశం, ఒకే ప్రజ' విధానం వచ్చింది. ఉత్తరాది వేషధారణ, ఆచారాలు అందరికీ తప్పనిసరయ్యాయి. బడుల్లో నేపాలీ బోధన ఆగిపోయింది. 1990లో దక్షిణాది జిల్లాల్లో నిరసనలు చెలరేగాయి. అరెస్టులు, చిత్రహింసలు, బలవంతపు సంతకాలతో ఖాళీ చేయించడం మొదలైంది. 'స్వచ్ఛందంగా వెళుతున్నాను' అన్న పత్రం మీద సంతకం పెట్టించి పంపించేశారు. అస్సాం, పశ్చిమ బెంగాల్ మీదుగా వచ్చిన జనం నేపాల్‌లోని ఝాపా, మొరంగ్ జిల్లాల్లో వెదురు గుడిసెల్లో తేలారు. ఏడు శిబిరాల్లో శరణార్థుల సంఖ్య లక్ష దాటింది. చిన్న దేశమైన భూటాన్‌కు అది జనాభాలో పెద్ద భాగమే.

నేపాల్, భూటాన్‌ల మధ్య 1993 నుంచి పదేళ్లపాటు చర్చలు సాగాయి. 2001లో ఖుదునాబారి శిబిరంలో సుమారు 12,000 మందిని ఉమ్మడిగా తనిఖీ చేశారు. 2003లో వెలువడిన ఫలితాల్లో 'బలవంతంగా వెళ్లగొట్టిన అసలైన భూటానీయులు'గా తేలింది రెండున్నర శాతం. మిగతావారిలో ఎక్కువమందిని తమంతట తామే వెళ్లిపోయినవారి పద్దులో వేశారు. ఇక్కడా తల్లిదండ్రులొక వర్గం, పిల్లలొక వర్గం అయిన కుటుంబాలున్నాయి. ఒక్కరు కూడా స్వదేశం చేరలేదు.

భారత్ ఇది ఆ రెండు దేశాల సమస్య అంటూ వచ్చింది. వారు దాటి వచ్చిన నేల భారత్‌దే. వెనక్కి వెళ్లాలన్నా భారత్‌నే దాటాలి. 2007 మేలో స్వదేశానికి నడిచి వెళతామని బయల్దేరినవారిని సరిహద్దులోని మేచీ వంతెన దగ్గర భారత భద్రతా దళాలు అడ్డుకున్నాయి.

పెళ్లయిన కూతురు ఎవరి ఫైలు

చివరికి దారి చూపింది దూరదేశాలు. 60,000 మందిని తీసుకోవడానికి సిద్ధమని 2006లో అమెరికా ప్రకటించింది. 2007 చివర్లో మొదలైన పునరావాసం దాదాపు పదేళ్లు సాగింది. లక్షా పదమూడు వేల మందికి పైగా శిబిరాలు వదిలి ఎనిమిది దేశాలకు వెళ్లారు. నూటికి 85 మంది అమెరికాకే. మిగతావారు కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, డెన్మార్క్, నార్వే, నెదర్లాండ్స్, బ్రిటన్‌లలో కుదురుకున్నారు. శరణార్థుల పునరావాస చరిత్రలో దీన్ని పెద్ద విజయంగా చెబుతారు. లెక్కల్లో చూస్తే అది నిజమే.

అయితే ఆ లెక్క ఇంటి లెక్క. పునరావాసం మనిషి వారీగా కాక కుటుంబం వారీగా, ఫైళ్ల మీద నడిచింది. ఫైలులో భర్త, భార్య, పెళ్లికాని పిల్లలు, వారిపై ఆధారపడిన పెద్దలు ఉంటారు. పెళ్లయిన ఆడపిల్ల అత్తవారి వైపు ఫైలులో చేరుతుంది. అత్తమామలు కెనడా ఎంచుకుంటే ఆమె కెనడా. పుట్టింటివారు టెక్సాస్ వెళితే అన్నదమ్ములు టెక్సాస్. దగ్గరి బంధువులను ఒకే ఊరికి పంపేందుకు ప్రయత్నాలు జరగకపోలేదు. అవి అందరికీ ఫలించలేదు. ఒకరి ఫైలు ముందు కదలడం, మరొకరిది ఆరోగ్య పరీక్షల దగ్గరో, భద్రతా తనిఖీ దగ్గరో ఆగిపోవడం, తండ్రి వెళ్లనని మొండికేయడంతో ఒక కొడుకు ఆగిపోవడం... విడిపోవడానికి కారణాలు చాలా.

భాయి టీకా ప్రధానంగా ఎవరిది? పెళ్లయి వెళ్లిపోయిన ఆడపిల్ల పుట్టింటి రక్తాన్ని ఏడాదికోసారి తన చేతుల్లోకి తీసుకునే రోజు అది. పండుగ ఏ బంధాన్ని నిలబెట్టడానికి పుట్టిందో, ఫైలు సరిగ్గా ఆ బంధాన్నే బయట వదిలేసింది.

పదిహేడేళ్ల వరుస

శరణార్థిగా చేరిన వ్యక్తి వెనక ఉండిపోయిన భార్య లేదా భర్తను, 21 ఏళ్లలోపు పెళ్లికాని పిల్లలను రప్పించుకోవడానికి అమెరికా చట్టం ఒప్పుకుంటుంది. అన్నదమ్ములు, అక్కాచెల్లెళ్లు అందులో లేరు. తోబుట్టువులకు ఉన్న ఒకే దారి ఎఫ్-4 వీసా. అమెరికా పౌరసత్వం ఉండి, 21 ఏళ్లు నిండినవారే దానికి దరఖాస్తు పెట్టాలి. ఏడాదికి 65,000 వీసాలే ఇస్తారు. పైగా దేశానికింత అని పరిమితి ఉంది.

ఈ వరుస ఎంత పొడవో తెలుగు కుటుంబాలకు బాగా తెలుసు. హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో ఉన్న తమ్ముడి కోసం అమెరికాలోని అక్క దరఖాస్తు చేస్తే అతని వంతు రావడానికి 19 ఏళ్ల దాకా పడుతోంది. అప్పటికి అతని పిల్లలు పెద్దవారై అర్హత కోల్పోతారు. భారత్ వంటి కొన్ని దేశాలను మినహాయిస్తే మిగతావారికి సుమారు 17 ఏళ్లు. 2008లో అమెరికా చేరిన భూటానీ మహిళ అయిదేళ్లకు, అంటే 2013లో, పౌరసత్వం పొంది వెంటనే దరఖాస్తు పెట్టినా శిబిరంలో ఉన్న సోదరుడి వంతు వచ్చేసరికి 2030 అవుతుంది.

ఆ ఇరుకు దారినీ మూసేయాలన్న ఆలోచన అక్కడ కొత్తది కాదు. 2013లో అమెరికా సెనేట్ ఆమోదించిన వలస సంస్కరణల బిల్లు తోబుట్టువుల వీసాను రద్దు చేయాలంది. ఆ బిల్లు ప్రతినిధుల సభలో ఆగిపోయింది. 2017లో ఇద్దరు రిపబ్లికన్ సెనేటర్లు తెచ్చిన బిల్లుదీ అదే ధోరణి. మొదటిదాన్ని వలసదారుల పక్షాన నిలిచినవారు, రెండోదాన్ని వలసలు తగ్గించాలన్నవారు తెచ్చారు. తోబుట్టువులను కుటుంబంలోంచి తీసేయడంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట. కెనడాలోనూ అంతే. తల్లిదండ్రులు పోయి, 18 ఏళ్లు నిండని, పెళ్లికాని తోబుట్టువులనే సాధారణంగా స్పాన్సర్ చేయనిస్తారు.

పునరావాసం పొందినవారు దీనికి తమకు చేతనైన మార్గం వెతుక్కున్నారు. దేశాలు మారలేనివారు ఊళ్లు మారారు. ప్రభుత్వం టెక్సాస్‌లోనో, జార్జియాలోనో దించిన కుటుంబాలు అన్నదమ్ములను, అక్కాచెల్లెళ్లను వెతుక్కుంటూ ఒహాయో, పెన్సిల్వేనియా బాట పట్టాయి. కొలంబస్, ఏక్రన్, పిట్స్‌బర్గ్, హారిస్‌బర్గ్‌లలో నేపాలీ కిరాణా కొట్లు, మోమో దుకాణాలు, గుళ్లు వెలసింది అలానే. అద్దెలు తక్కువ, పని దొరుకుతుంది అన్నవి కారణాలే. కానీ కారెక్కితే అక్క ఇల్లు పది నిమిషాలు అన్నది అంతకంటే పెద్ద కారణం.

ఇది కేవలం సెంటిమెంటు వ్యవహారం కాదు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2009-12 మధ్య భూటానీ శరణార్థుల ఆత్మహత్యలపై అధ్యయనం చేసింది. మూడేళ్లలో 16 మంది ప్రాణం తీసుకున్నారు. లక్షకు 24.4 అన్న ఆ రేటు అమెరికా సగటుకు దాదాపు రెట్టింపు. ఆత్మహత్య ఆలోచనలు వచ్చినవారిలో కనిపించిన లక్షణాల్లో కుటుంబాన్ని పోషించలేకపోవడంతోపాటు అండగా ఎవరూ లేరన్న భావన కూడా ఉంది. ఆ అండ ఎక్కడి నుంచి వస్తుందో చెప్పడానికి నేపాలీలకు సర్వే అక్కర్లేదు.

వరసకు చెల్లెళ్లు

ఎదురుగా మనిషి ఉంటే తప్ప జరగని పండుగను మనిషి లేకుండా ఎలా జరపాలి? ప్రవాసంలో దీనికి మూడు జవాబులు దొరికాయి. మొదటిది ఫోను. వీడియోలో తమ్ముడి ముఖం కనిపిస్తుండగా అక్క మంత్రం చదువుతుంది, అతనే తన వేలితో బొట్టు పెట్టుకుంటాడు. రెండోది వరస. పినతల్లి కూతురు, మేనమామ కూతురు, శిబిరంలో పక్క గుడిసెలో పెరిగిన అమ్మాయి, అందరూ చెల్లెళ్లే. ఇందులో శాస్త్రానికి విరుద్ధమైనదేమీ లేదు. కాఠ్మండూలోని రాణీపోఖరి కొలను నడుమ ఉన్న గుడిని ఏడాదికి ఒక్కసారి, భాయి టీకా నాడే తెరుస్తారు. తోబుట్టువులు లేనివారు ఆ రోజు అక్కడికి వెళ్లి టీకా పెట్టించుకుంటారు. ఒంటరివాడికీ పండుగలో చోటుండాలని సంప్రదాయం ముందే ఆలోచించింది.

మూడోది సంఘం. వారాంతంలో హాలు అద్దెకు తీసుకుని దేవుసీ, భైలో పాటలు పాడుతూ, ఆడుతూ జరిపే వేడుకలు. ఇంటింటికీ తిరిగి పాడినందుకు వచ్చిన డబ్బు గుడికో, ఆపదలో ఉన్న కుటుంబానికో వెళుతుంది. ఇంగ్లిష్‌లో ఆలోచించే పిల్లలు ఏడు రంగుల బొట్టుతో ఫొటోలు దిగుతారు. వారికి ఇది 'మా దేశం' పండుగ. ఆ దేశం ఏదంటే జవాబు అంత సులువు కాదు. భూటాన్‌లో తాత ముత్తాతలు, నేపాల్‌లో శిబిరం, అమెరికాలో ఇల్లు.

అందరినీ కలిపే ఈ పండుగ కొన్ని ఇళ్లలో గీత కూడా గీస్తోంది. శిబిరాల్లో ఉండగానే కొందరు, అమెరికా వెళ్లాక మరికొందరు క్రైస్తవం తీసుకున్నారు. వారిలో చాలామంది టీకా పెట్టించుకోరు. అక్క బొట్టు పెట్టబోతే తమ్ముడు నుదురు తిప్పుకోవడం ఏ సరిహద్దూ చేయలేని గాయం చేస్తుంది. బొట్టు వదిలేసి భోజనానికి కూర్చోవడం దగ్గర రాజీపడినవారూ ఉన్నారు. అలా చూస్తే అది మన భగినీ హస్త భోజనమే.

మళ్లీ అదే దారి

2025 మార్చిలో ఈ సమాజం నెత్తిన కొత్త పిడుగు పడింది. ట్రంప్ ప్రభుత్వం భూటానీ శరణార్థులను భూటాన్‌కు పంపించడం మొదలుపెట్టింది. మొదటి విడతలో పది మంది పారో విమానాశ్రయంలో దిగారు. ఆ తర్వాత మరికొందరు. వీరు గ్రీన్‌కార్డు ఉండీ పౌరసత్వం తీసుకోనివారు, ఏదో ఒక కేసులో శిక్ష పడినవారు. శిక్ష అనుభవించి బయటికొచ్చి, కాపురాలు చేసుకుంటున్నవారూ వారిలో ఉన్నారు. శిబిరంలో పుట్టి భూటాన్‌ను ఎన్నడూ చూడనివారూ ఉన్నారు.

భూటాన్ వారిని ఉంచుకోలేదు. విమానం దిగినవారిని ఫుంత్షోలింగ్ దగ్గర భారత సరిహద్దుకు తెచ్చి వదిలేసింది. వారిలో కొందరు తల్లిదండ్రులు 1990ల్లో నడిచిన దారినే బెంగాల్ మీదుగా నేపాల్ చేరారు. పత్రాలు లేకుండా ప్రవేశించారని నేపాల్ పోలీసులు అక్కడ కొందరిని పట్టుకున్నారు. వారిని వెంటనే దేశం దాటించకుండా సుప్రీంకోర్టు అడ్డుపడింది. ఇప్పుడు వారు అమెరికాకు కారు, భూటాన్‌కు కారు, నేపాల్‌కూ కారు. శరణార్థుల హక్కులపై 1951 నాటి అంతర్జాతీయ ఒప్పందం మీద నేపాల్, భూటాన్, భారత్ మూడూ సంతకం చేయలేదు.

ఈ దెబ్బ తోబుట్టువుల మధ్య ఎలా పడుతుందో గమనించాలి. తల్లిదండ్రులకు పౌరసత్వం వచ్చేనాటికి 18 ఏళ్లు నిండని బిడ్డకు గ్రీన్‌కార్డు ఉంటే అది దానంతటదే సంక్రమిస్తుంది. నిండిన బిడ్డ సొంతంగా దరఖాస్తు పెట్టుకోవాలి, ఫీజు కట్టాలి, పరీక్ష రాయాలి. అమెరికాలో పుట్టిన బిడ్డ పుట్టుకతోనే పౌరుడు. కాబట్టి ఒకే ఇంట్లో శిబిరంలో పుట్టిన అన్నను పంపించేయొచ్చు, ఒహాయోలో పుట్టిన చెల్లిని ఎవరూ కదపలేరు. పౌరురాలైన చెల్లెలు అన్న బహిష్కరణను ఆపలేదు. అతని కోసం ఎఫ్-4 దరఖాస్తు పెట్టినా పదిహేడేళ్ల వరుస ఒక్కటే కాదు, నేరశిక్ష, బహిష్కరణ ఉత్తర్వు కూడా అడ్డొస్తాయి. 1988 జనగణనలో ఒకే ఇంటిని వర్గాలుగా విడగొట్టినది పన్ను రసీదయితే, ఇప్పుడు ఆ పని పుట్టిన తేదీ, పుట్టిన చోటు చేస్తున్నాయి.

ఒకనాటి ఏడు శిబిరాల్లో ఇప్పుడు మిగిలినవి బేల్డాంగీ, శనిశ్చరే. పునరావాసం వద్దన్నవారు, అవకాశం అందనివారు కలిపి అక్కడ ఆరేడు వేల మంది ఉన్నారు. స్వదేశానికే వెళతామని పట్టుబట్టిన వృద్ధులు వారిలో చాలామంది. అమెరికా తిప్పి పంపినవారిలో కొందరు చేరింది కూడా ఈ వెదురు ఇళ్లకే. 2025 అక్టోబరు 23న పెన్సిల్వేనియాలో అర్ధరాత్రి దాటాక ఫోన్లు మోగింది ఈ ఊళ్ల నుంచే. గత ఏడాది అదే ఇంట్లో, అదే గిరిలో కూర్చున్న తమ్ముడికి ఈసారి తెర మీదనే టీకా. మఖమలి దండ ఎండినా రంగు పోదు కనుక వచ్చే ఏటికి దాచి ఉంచొచ్చు. అప్పటికి అతను ఏ దేశంలో ఉంటాడన్నది చెప్పగల ప్రభుత్వం ఒక్కటీ లేదు.